కౌంటీలో దొరకని ‘ఐపీ’ కాగితం: డాలస్ చుట్టుపక్కల దివాలా కోర్టు రికార్డులు ఎక్కడుంటాయి, ఎలా తీసుకోవాలి

తెలుగునాట ఎవరైనా అప్పులు తీర్చలేక చేతులెత్తేస్తే ‘ఐపీ పెట్టాడు’ అంటారు. ఇన్సాల్వెన్సీ పిటిషన్ అనే మాటకు అది పొట్టిరూపం. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం ప్రకారం ఆ పిటిషన్ పడేది జిల్లా పరిధిలోని కోర్టుల్లోనే. అందుకే ఫలానావాడు ఐపీ పెట్టాడన్న కబురు రాగానే చేబదులు ఇచ్చినవాళ్లూ, చీటీ డబ్బు రావలసినవాళ్లూ జిల్లా కోర్టు వైపే పరుగెత్తుతారు. అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్లలో చాలామంది కూడా ఇదే లెక్కన ఆలోచిస్తారు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే కదా, దివాలా కేసు కౌంటీ కోర్టులో ఉంటుందనుకుంటారు. కానీ ఉండదు. అమెరికాలో ఏ కౌంటీ కోర్టూ దివాలా కేసు విచారించదు, దాని ఫైలు దగ్గర పెట్టుకోదు.

ఈ ఒక్క పొరపాటు మీద ఒక వ్యాపారమే నడుస్తోంది. ఫలానా కౌంటీ దివాలా రికార్డులు అని నెట్‌లో వెతికితే పైన కనిపించేవి చాలావరకు ప్రైవేటు సైట్లు. పేరు టైపు చేయమంటాయి, ఏదో వెతుకుతున్నట్టు తెర మీద గీత కదులుతుంది, చివరికి కార్డు నంబరు అడుగుతాయి. అవి అమ్మేది కోర్టు ఫైలు కాదు, ఎక్కడెక్కడి నుంచో పోగేసిన సమాచారం. అది పాతబడి ఉండొచ్చు, అదే పేరున్న ఇంకో మనిషిది కూడా కావొచ్చు. అసలు ఫైలు మాత్రం ప్రభుత్వం దగ్గరే పేజీకి 10 సెంట్లకు దొరుకుతుంది, కోర్టుకు వెళ్లి చూసుకుంటే అదీ ఉండదు. ఈ దారి తెలియక జనం డబ్బు పోగొట్టుకుంటున్నారు. అంతకంటే నష్టం, గడువులు దాటిపోతున్నాయి.

దివాలా వ్యవహారం కౌంటీ చేతిలో గానీ రాష్ట్రం చేతిలో గానీ లేకపోవడానికి మూలం రాజ్యాంగంలో ఉంది. దేశమంతటికీ ఒకే తీరు దివాలా చట్టం చేసే అధికారాన్ని మొదటి అధికరణంలోని 8వ సెక్షన్ కాంగ్రెస్‌కు ఇచ్చింది. ఇప్పుడు అమల్లో ఉన్న దివాలా కోడ్ 1978లో వచ్చింది. కేసులు నడిపేవి ఫెడరల్ కోర్టులు. దేశాన్ని 94 ఫెడరల్ జిల్లాలుగా పంచారు. ఈ జిల్లా వేరు, కౌంటీ వేరు. ఒక్కో ఫెడరల్ జిల్లాలో సాధారణంగా చాలా కౌంటీలుంటాయి. న్యూజెర్సీ రాష్ట్రమంతా ఒకటే జిల్లా కాబట్టి ఎడిసన్‌లో ఉండేవాళ్లకు ఏ జిల్లా అన్న సందేహమే రాదు. టెక్సస్ సంగతి వేరు. అక్కడ 254 కౌంటీలున్నా ఫెడరల్ జిల్లాలు నాలుగే: నార్తర్న్, సదరన్, ఈస్టర్న్, వెస్టర్న్.

డాలస్ ప్రాంతంలో ఈ గీతలు తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్ల మధ్యలోంచే వెళ్తాయి. ఇర్వింగ్ ఉన్నది డాలస్ కౌంటీలో. అది నార్తర్న్ జిల్లా డాలస్ డివిజన్ కిందికి వస్తుంది. ఆ దివాలా కోర్టు డాలస్ నగరం మధ్యలో, కామర్స్ స్ట్రీట్ మీద అర్ల్ కాబెల్ ఫెడరల్ భవనంలో ఉంది. ఫ్రిస్కో ఊరు కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంటుంది. ఆ రెండు కౌంటీలూ ఈస్టర్న్ జిల్లా షెర్మన్ డివిజన్‌లోవి. పేరుకు షెర్మన్ అయినా దివాలా కోర్టు కూర్చునేది ప్లేనోలో. ఫోర్ట్‌వర్త్ ఉన్న టారంట్ కౌంటీ మళ్లీ నార్తర్న్ జిల్లాలోదే కానీ డివిజన్ వేరు. డాలస్ నగరపు ఉత్తర కొస కాలిన్, డెంటన్ కౌంటీల్లోకి చొచ్చుకుపోయి ఉంటుంది. కాబట్టి అడ్రసులో ‘డాలస్’ అని ఉన్నా మనిషి కేసు ఈస్టర్న్ జిల్లాలో ఉండే వీలుంది. ఊరి పేరు చూసి ఆగిపోకుండా ఇల్లు ఏ కౌంటీలో ఉందో తేల్చుకోవాలి. కౌంటీ పేరు పనికొచ్చేది ఇక్కడే. ఫైలు అక్కడ ఉండదు కానీ ఏ ఫెడరల్ కోర్టు తలుపు తట్టాలో అది చెబుతుంది.

ఆ సూచన కూడా అన్నిసార్లూ నిలబడదు. మనిషి ఎక్కడ కేసు వేయాలన్నది ముందటి 180 రోజుల్లో ఎక్కువ కాలం ఎక్కడ ఉన్నాడన్న దాన్నిబట్టి తేలుతుంది. ఇర్వింగ్ అపార్ట్‌మెంట్‌లో ఏళ్ల తరబడి ఉండి, రెండు నెలల కిందట ఫ్రిస్కోకు మారినవాడి కేసు డాలస్‌లోనే పడవచ్చు. కంపెనీలకు ఇంకా వెసులుబాటు ఉంది. దుకాణాల సంస్థ జేసీ పెన్నీ ప్రధాన కార్యాలయం ప్లేనోలో ఉండేది. 2020 మే నెలలో ఆ సంస్థ దివాలా కేసు వేసింది మాత్రం ఎక్కడో సముద్రం ఒడ్డున ఉన్న కార్పస్ క్రిస్టీలో, సదరన్ జిల్లాలో. హ్యూస్టన్ కేంద్రంగా నడిచిన ఇంధన కంపెనీ ఎన్రాన్ 2001 డిసెంబరులో ఏకంగా న్యూయార్క్ వెళ్లి కేసు వేసింది. తన కౌంటీలో ఉన్న కంపెనీయే కదా అని స్థానిక కోర్టులో వెతికిన చిన్న సప్లయర్‌కు ఏమీ దొరకదు. ఏమీ దొరకలేదు కాబట్టి కేసే లేదనుకుంటే అంతకంటే ప్రమాదం లేదు.

కౌంటీ ఆఫీసులో దొరికే ఆనవాళ్లు

ఇంత చెప్పినా కౌంటీ రికార్డులు పూర్తిగా వృథా కాదు. కాలిన్ కౌంటీకైతే మెకినీలో ఉన్న కౌంటీ క్లర్క్ దగ్గర భూమి, ఇళ్ల రిజిస్ట్రేషన్లు, తనఖాలు, కోర్టు డిక్రీల నమోదులు ఉంటాయి. దివాలా కేసు వేశాక ఇల్లు ఎవరికీ అమ్మేయకుండా, కొనేవాళ్లకు హెచ్చరికగా, పిటిషన్ నకలును ఆ భూమి రికార్డుల్లో నమోదు చేయించే సందర్భాలుంటాయి. చట్టంలో అందుకు స్పష్టమైన ఏర్పాటే ఉంది. అప్పు వసూలు కోసం రాష్ట్ర కోర్టులో దావా నడుస్తుంటే, దివాలా వేసిన వైపు వకీలు ‘సజెషన్ ఆఫ్ బ్యాంక్రప్టసీ’ అనే చిన్న నోటీసు అందులో దాఖలు చేస్తాడు. ఆ ఒక్క పేజీలో ఫెడరల్ కేసు నంబరు, కోర్టు పేరు రెండూ ఉంటాయి. నంబరు చేతికొస్తే సగం పని అయిపోయినట్టే.

వేలంలో ఇళ్లు కొనేవాళ్లు దీన్ని ఇంకా శ్రద్ధగా చూడాలి. టెక్సస్‌లో బ్యాంకులు జప్తు ఇళ్లను ప్రతి నెలా మొదటి మంగళవారం కౌంటీ వేలంలో అమ్ముతాయి. దివాలా పిటిషన్ పడిన క్షణం నుంచే వసూళ్లన్నింటికీ బ్రేకు పడుతుంది, దీన్ని ఆటోమేటిక్ స్టే అంటారు. ఇంటి యజమాని ఆ ఉదయమే కేసు వేసి ఉంటే, మధ్యాహ్నం జరిగిన వేలం చెల్లకుండా పోవచ్చు. కౌంటీ నోటీసు బోర్డులో ఆ సంగతి కనిపించదు, ఫెడరల్ కోర్టు జాబితాలో కనిపిస్తుంది.

వెతికే దారులు

అన్నిటికంటే తేలికైనది ఫోను. దివాలా కోర్టులన్నీ దాదాపుగా ఒకే టోల్‌ఫ్రీ నంబరుకు కలిపి ఉన్నాయి: 866-222-8029. మనిషి మాట్లాడడు, యంత్రమే జవాబిస్తుంది. కోర్టు ఎంచుకుని పేరో కేసు నంబరో చెబితే కేసు ఏ రోజు వేశారు, ఏ చాప్టర్ (దివాలా కోడ్‌లోని ఏ అధ్యాయం కింద), వకీలు ఎవరు, ట్రస్టీ (కేసు వ్యవహారం చూసేందుకు నియమించిన మనిషి) ఎవరు, డిశ్చార్జ్ (అప్పుల నుంచి విడుదల) అయిందా లేదా అన్నవి చదివి వినిపిస్తుంది. డబ్బు అక్కర్లేదు, అకౌంటు అక్కర్లేదు. ఇంత మంచి సౌకర్యం ఉందని తెలిసినవాళ్లు బాగా తక్కువ.

రెండోది కోర్టుకు వెళ్లడం. దివాలా కోడ్ 107వ సెక్షన్ ప్రకారం కేసులో దాఖలైన కాగితాలు పబ్లిక్ రికార్డులు, ఆఫీసు వేళల్లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. క్లర్క్ ఆఫీసులో జనం కోసం కంప్యూటర్లు ఉంటాయి. ఎందుకు చూస్తున్నారని ఎవరూ అడగరు. ప్రింటు తీసుకుంటేనే పేజీకి 10 సెంట్లు.

మూడోది పేసర్. ఇది ఫెడరల్ కోర్టులన్నింటికీ ఉమ్మడి ఆన్‌లైన్ రికార్డు గది. పేసర్ డాట్ యూఎస్‌కోర్ట్స్ డాట్ జీఓవీ అనే చిరునామాలో ఎవరైనా అకౌంటు తెరవొచ్చు. చిరునామా చివర జీఓవీ లేకపోతే అది అసలు పేసర్ కాదని గుర్తు పెట్టుకోవాలి. పేజీకి 10 సెంట్లు, ఎంత పెద్ద పత్రమైనా 3 డాలర్లకు మించదు. పేరుతో చేసే వెతుకులాట ఫలితాలకు మాత్రం ఈ పరిమితి వర్తించదు, ఏమీ దొరక్కపోయినా 10 సెంట్లు పడతాయి. మూడు నెలల్లో వాడకం 30 డాలర్లు దాటకపోతే ఆ బిల్లు మొత్తం మాఫీ. 2020 నుంచి ఈ వెసులుబాటు ఉంది. ఒకటి రెండు కేసులు చూసుకునే మామూలు మనిషికి ఇది ఉచితమే అనుకోవచ్చు. అసలు జనం సొమ్ముతో నడిచే కోర్టు కాగితాలకు ఈ రుసుమైనా ఎందుకన్న వాదన ఉంది, అందులో న్యాయం కూడా ఉంది. ఈ ఫీజుల్లో కొంత భాగాన్ని సంబంధం లేని ఖర్చులకు వాడడం తప్పని 2020లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తేల్చింది. 2024లో 12.5 కోట్ల డాలర్ల రాజీకి కోర్టు ఆమోదం కూడా దొరికింది.

పేసర్‌లో వెతికేటప్పుడు ఒక్క కోర్టుకే పరిమితం కాకుండా ‘కేస్ లొకేటర్’ తెరవడం మేలు. అది దేశవ్యాప్త సూచిక. ఇల్లు మారినవాళ్లు, వేరే రాష్ట్రంలో కేసు వేసిన కంపెనీలు అందులోనే పట్టుబడతారు. పెద్ద కంపెనీల కేసులకైతే అప్పులవాళ్ల క్లెయిమ్‌ల లెక్క చూసేందుకు కోర్టు నియమించిన క్లెయిమ్స్ ఏజెంటు సంస్థలు సొంత సైట్లలో కాగితాలన్నీ ఉచితంగా పెడతాయి. క్రోల్, స్ట్రెట్టో, ఎపిక్ లాంటివి ఈ పని చేస్తుంటాయి. కోర్ట్‌లిజనర్ అనే లాభాపేక్ష లేని సైటులో, ఇతరులు పేసర్‌లో కొని పంచిన కాగితాలు దొరికినా దొరకొచ్చు. అందులో లేదంటే కేసు లేదని కాదు, ఇంకా ఎవరూ పంచలేదని మాత్రమే.

తెలుగు పేర్ల దగ్గర అసలు చిక్కు మొదలవుతుంది. ఇంటిపేరు ముందుండే పద్ధతి మనది, అమెరికా ఫారాల్లో అది చివరకు పోతుంది. కొందరి పాస్‌పోర్టులో తండ్రి పేరే ఇంటిపేరు గడిలో కూర్చుంటుంది. వెంకట, సాయి, శ్రీ, లక్ష్మి లాంటివి ఒకచోట విడిగా, ఒకచోట కలిపి రాస్తారు. రెడ్డి, రావు, కుమార్ అని వెతికితే పేజీల కొద్దీ పేర్లు వస్తాయి. పేరులో ఒక్క అక్షరం స్పెల్లింగ్ మారినా యంత్రం ‘లేదు’ అంటుంది. కాబట్టి ఇంటిపేరు ఒక్కటే పెట్టి, ఆ తర్వాత పేర్లు తిరగేసి, స్పెల్లింగులు మార్చి వెతకాలి. దివాలా కేసులకు సోషల్ సెక్యూరిటీ నంబరు చివరి 4 అంకెలతో కూడా వెతకవచ్చు. కేసు పట్టిక అయిన డాకెట్ పైభాగంలో ఆ 4 అంకెలూ, చిరునామా, గతంలో వాడిన పేర్లూ ఉంటాయి. అవన్నీ కలిస్తేనే మనిషి అతనేనని నమ్మాలి. పేరు కలిసిందని ఒక అమాయకుడికి దివాలా ముద్ర వేయడం చాలా పెద్ద తప్పు.

ఫైలు చేతికొచ్చాక

కేసులో జరిగిన ప్రతి పనినీ తేదీ వారీగా రాసిన పట్టికే డాకెట్. దాన్ని చదివేటప్పుడు ఎక్కువమంది తడబడేది రెండు మాటల దగ్గర. ‘డిశ్చార్జ్’ అంటే కోర్టు ఆ అప్పుల బాధ్యత నుంచి మనిషిని విడుదల చేసింది. ‘డిస్మిస్’ అంటే కేసు కొట్టేశారు, అప్పులు ఎక్కడివక్కడే ఉన్నాయి. రెండూ వినడానికి దగ్గరగా ఉంటాయి, ఫలితం మాత్రం పూర్తిగా తలకిందులు. చాప్టర్ 13లో మూడు నుంచి ఐదేళ్లు వాయిదాలు కట్టాలి. మధ్యలో కట్టలేక డిస్మిస్ అయ్యే కేసులు మామూలే. ‘క్లోజ్డ్ వితౌట్ డిశ్చార్జ్’ అని కూడా ఉంటుంది. ఆర్థిక నిర్వహణ క్లాసుకు హాజరైన సర్టిఫికెట్ దాఖలు చేయకపోతే అలా మూసేస్తారు. కేసు మూసేశారు కాబట్టి అప్పు పోయింది అనుకుని వదిలేసుకున్నవాళ్లు ఈ మాట దగ్గర ఆగి చూడాలి.

అప్పిచ్చినవాళ్లకు పనికొచ్చే కాగితాలు పిటిషన్‌తో పాటు వచ్చే షెడ్యూళ్లు. ఏ-బీ షెడ్యూలులో ఆస్తులు, డీలో తనఖా ఉన్న అప్పులు, ఈ-ఎఫ్‌లో తనఖా లేని అప్పులు రాయాలి. స్నేహితులు, బంధువుల దగ్గర తీసుకున్న చేబదులు వచ్చేది ఈ చివరి దాంట్లోనే. సీ షెడ్యూలు చూడకుండా ఆశ పెట్టుకోకూడదు. అప్పులవాళ్లు ముట్టుకోలేని ఆస్తులు అందులో ఉంటాయి. టెక్సస్‌లో సొంతిల్లు విలువతో పని లేకుండా, పట్టణంలో 10 ఎకరాల దాకా, రక్షణలో ఉంటుంది. కొని 1,215 రోజులు నిండకపోతే మాత్రం ఫెడరల్ చట్టం ఒక పరిమితి పెడుతుంది. పెద్ద ఇల్లుంది కదా మన డబ్బు ఎక్కడికి పోతుందన్న ధీమా ఇక్కడ చెల్లదు.

ఆర్థిక వ్యవహారాల వివరణ పత్రం అని ఇంకొకటి ఉంటుంది. ఏడాదిలోపు బంధువులకు తీర్చిన బాకీలు, రెండేళ్లలోపు ఒక్కొక్కరికి 600 డాలర్లు దాటి ఇచ్చిన బహుమతులు, బదిలీ చేసిన ఆస్తులు అన్నీ అందులో రాయాలి. బావమరిదికి ముందే బాకీ తీర్చేసి మిగతావాళ్లకు చేతులు చూపిస్తే ట్రస్టీ కంటపడేది ఆ పేజీలోనే. దివాలా కోడ్ 541వ సెక్షన్ ప్రకారం ఆస్తి ఎక్కడున్నా, ఎవరి చేతిలో ఉన్నా చెప్పాల్సిందే. గుంటూరు దగ్గర పొలం, కూకట్‌పల్లిలో ఫ్లాటు, ఇండియా బ్యాంకులో డిపాజిట్టు కూడా షెడ్యూలులోకి రావాలి. ఇవన్నీ నిజమేనని ప్రమాణ పూర్వకంగా సంతకం చేస్తారు, దాస్తే నేరమవుతుంది. ఇండియాలో ఆస్తి ఉందని తెలిసి, షెడ్యూలులో అది కనిపించకపోతే, ఆ సంగతి ట్రస్టీకి తెలియజేసే హక్కు అప్పిచ్చినవాళ్లకు ఉంది. ట్రస్టీ పేరు డాకెట్ మొదట్లోనే ఉంటుంది.

గడువుల సంగతి ఇందాక వచ్చింది. మామూలు చాప్టర్ 7 (ఆస్తి ఉంటే అమ్మి పంచే కేసు), చాప్టర్ 13 కేసుల్లో తనకింత రావాలని క్లెయిమ్ దాఖలు చేయడానికి కేసు వేసిన నాటి నుంచి 70 రోజులే. పంచడానికి ఆస్తి లేని చాప్టర్ 7లో అయితే నోటీసు వచ్చేదాకా క్లెయిమ్ వేయనక్కర్లేదు. మోసం చేసి అప్పు తీసుకున్నాడు, దీన్ని రద్దు చేయొద్దు అని ఫిర్యాదు చేయాలంటే, అప్పులవాళ్ల సమావేశానికి మొదట నిర్ణయించిన తేదీ నుంచి 60 రోజుల్లో వేయాలి. ఆ ఫిర్యాదు అడ్వర్సరీ ప్రొసీడింగ్‌గా వేరే నంబరుతో, వేరే డాకెట్‌తో నడుస్తుంది. అసలు కేసు డాకెట్ ఒక్కటే చూస్తే పూర్తి కథ తెలియదు. చాప్టర్ 7 కేసు చాలాసార్లు నాలుగు నెలల్లో ముగిసిపోతుంది. ఐపీ పెట్టాడట అన్న గాలికబురు విని, నిజమో కాదో తేల్చుకోకుండా పరువు కోసం ఆరు నెలలు ఓపిక పట్టినవాళ్లకు మిగిలేది ఏమీ ఉండదు. టోల్‌ఫ్రీ నంబరుకు ఒక్క ఫోను చేసి ఉంటే ఆ రోజే తెలిసేది.

బయటపెట్టని భాగాలు కూడా ఉన్నాయి. పూర్తి సోషల్ సెక్యూరిటీ నంబరు, బ్యాంకు ఖాతా నంబర్లు, పిల్లల పేర్లు, పుట్టిన తేదీ దాచి ఉంచాలని నియమం. ఖాతాలకు చివరి 4 అంకెలు, పిల్లలకు పేరు మొదటి అక్షరాలు, పుట్టిన రోజుకు సంవత్సరం మాత్రమే కనిపిస్తాయి. ట్యాక్స్ రిటర్నులు అందరికీ తెరిచి ఉండవు. వ్యాపార రహస్యాలు, గుర్తింపు దొంగతనానికి దారితీసే వివరాలు మూసి ఉంచమని జడ్జిని కోరవచ్చు. మిగిలిందంతా, నెల జీతం నుంచి ఇంటి కిరాణా ఖర్చు దాకా, తెరిచిన పుస్తకమే. అప్పుల నుంచి విముక్తి కోరే మనిషి ముందు తన లెక్కంతా బయట పెట్టాలన్నది ఈ చట్టపు ఒప్పందం. ఆ కాగితం ఫొటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో తిప్పడానికి కాదు. దివాలా వేశాడన్న ఒక్క కారణంతో ఉద్యోగం తీసేయడాన్ని 525వ సెక్షన్ నిషేధించింది కూడా.

ఈ రికార్డు ఎక్కువగా అవసరమయ్యేది నిజానికి కేసు వేసిన మనిషికే. దివాలా నమోదు క్రెడిట్ రిపోర్టులో కేసు వేసిన తేదీ నుంచి 10 ఏళ్ల వరకు ఉండవచ్చు. మళ్లీ ఇల్లు కొనాలంటే డిశ్చార్జ్ తేదీ కీలకం. చాప్టర్ 7 తర్వాత మామూలుగా ఎఫ్‌హెచ్ఏ (ప్రభుత్వ హామీ ఉన్న ఇంటి అప్పు) లోనుకు 2 ఏళ్లు, ఫ్యానీ మే (బ్యాంకుల నుంచి ఇంటి అప్పులు కొనే సంస్థ) నిబంధనల లోనుకు 4 ఏళ్లు ఆగాలి. బ్యాంకు అడిగేది డిశ్చార్జ్ ఆర్డరు, షెడ్యూళ్లు. మామూలు నకలు పేసర్‌లోనే వస్తుంది. కోర్టు ముద్ర ఉన్న సర్టిఫైడ్ కాపీ కావాలంటే క్లర్క్‌కు రాయాలి. 2023 డిసెంబరులో సవరించిన పట్టిక ప్రకారం సర్టిఫికేషన్‌కు 12 డాలర్లు. ఒక పేరు మీద రికార్డు వెతికి పెట్టమని క్లర్క్‌ను అడిగితే 34 డాలర్లు. ఆ రెండో పని సొంతంగా చేసుకోవడమే మేలు.

ఆన్‌లైన్ రాకముందటి కేసులకు దారి వేరు. మూసేసిన కాగితపు ఫైళ్లను కోర్టులు ఫెడరల్ రికార్డ్స్ సెంటర్లకు పంపేస్తాయి. తెప్పించుకోవాలంటే కేసు నంబరుతో పాటు బదిలీ నంబరు, పెట్టె నంబరు కావాలి, అవి క్లర్క్ ఆఫీసే ఇస్తుంది. మామూలు కేసుల ఫైళ్లను నిర్ణీత కాలం గడిచాక ధ్వంసం చేస్తారు. కాబట్టి డిశ్చార్జ్ అయిన వారంలోనే ఆ ఆర్డరు, షెడ్యూళ్లు, చివరి డాకెట్ డౌన్‌లోడ్ చేసుకుని ఇంటి పత్రాల పక్కన పెట్టుకోవడం మంచిది. పదేళ్ల తర్వాత ఏ వసూళ్ల ఏజెన్సీయో పాత బాకీ అంటూ ఫోను చేస్తే, ఆ అప్పు పేరు రాసి ఉన్న ఈ-ఎఫ్ షెడ్యూలు పేజీ, దాని వెనక డిశ్చార్జ్ ఆర్డరు పంపిస్తే చాలు.